దూదికి అంటిన పాట

15 మార్చి 1976, సోమవారం. సోహార్, ఒమాన్.

ఇవాళ ఒక మంచి పని చేశాను. ఇంకెవరికి చెప్పుకుంటాను, ఇందులో రాసుకుంటాను.

శనివారం బురైమి రోడ్డులో జీపు బోల్తాపడి ఇద్దరొచ్చారు. ఇద్దరూ నా వార్డులోనే. ఒకాయన జపాను సర్వే ఇంజనీరు, పేరు ఇసోబె. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది, తొడ ఎముక కూడా. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. రెండో అతను అదే కంపెనీలో వడ్రంగి, భీమన్న. మెట్‌పల్లి దగ్గర ఊరట. మెడ కింద ఎముక విరిగింది కానీ నోటికేం కాలేదు. "తెలుగు సిస్టరమ్మ దొరికింది, ఇగ నేను బతికిన" అని వచ్చినప్పటినుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇసోబె గారు సామాన్లన్నీ వదిలేసి ఒక్క పల్చటి చెక్కపెట్టె గురించే అడిగారు. అందులో బట్టలో చుట్టిన గ్రామఫోన్ ప్లేటు ఉంది. "దీనికి ఎండ తగలకూడదు సిస్టర్. చల్లటి చోట పెట్టండి. ఏప్రిల్ రెండున మా ఆఫీసాయన వచ్చి టోక్యో తీసుకెళ్తాడు" అన్నారు. ఆసుపత్రిలో చల్లగా ఉండేది డ్రెస్సింగ్ రూమ్ ఒక్కటే, ఏసీ అక్కడే ఉంది. అక్కడి బీరువాలో పెడతానన్నాను.

పెట్టేముందు విప్పి చూస్తే అంచంతా మట్టి, ఒకచోట ఎండిన రక్తం. మట్టి మొహంతో ఎలా పెట్టను? బయటినుంచి వార్డులోకి ఏదొచ్చినా స్పిరిట్‌తో తుడవాలని మేట్రన్ రూలు. తుడిచాను. గాయమైతే మధ్యలోంచి బయటికి తుడవాలి, ఇది గాయం కాదుగా, అంచున మురికి ఎక్కువ, అందుకని అంచు నుంచి మొదలుపెట్టాను. ఎంత మురికో! దూది నల్లగా వచ్చింది. ఇంకో దూది తీసుకుంటే అదీ నల్లగానే. ఇరవై ఏళ్ళ మురికి అయ్యుంటుంది. పన్నెండు దూదులైనా వాడుంటాను. చుట్టూ తిప్పుకుంటూ లోపలికి వెళ్తున్నాను, ఇంకాస్తలో అయిపోతుందనగా రాబియా వచ్చి కాన్పు కేసు వచ్చింది యల్లా యల్లా అని చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఈ ఆయాకి ఒక్క నిమిషం ఆగడం తెలీదు. కసురుకున్నాను. తిరిగొచ్చేసరికి డ్యూటీ మారే టైమైంది, గబగబా కాగితం కవర్లో దూర్చి పెట్టెలో పెట్టేశాను.

మగపిల్లాడు పుట్టాడు. ప్లేటు సంగతి ఇసోబె గారికి చెప్పలేదు. తీసుకెళ్ళే రోజున చూసి సంతోషపడతారు.

17 మార్చి

ఇసోబె గారికి ఎడమచేత్తో తినడం రావడం లేదు. స్పూనుతో పెడుతుంటే ప్లేటు కథ చెప్పారు.

ఆయన అన్నగారు పియానో వాయించేవారట. యుద్ధం అయిపోయాక యొకోహామాలో అమెరికా సిపాయిల క్లబ్బుల్లో వాయిస్తూ, వింటూ నేర్చుకున్న సంగీతం. జాజ్ అంటారట. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇరవై నాలుగో ఏట టీబీతో పోయారు. పోవడానికి ముందు ఒకేఒక్క పాట రికార్డు చేశారు. ఆ కంపెనీ మూతపడింది, అచ్చు వేసిన ఇనపపళ్ళేలు తుక్కుకింద పోయాయి. ఇప్పుడు టోక్యోలో వేరే కంపెనీ పాత జపాను జాజ్ ప్లేట్లన్నీ పోగుచేసి పెద్ద ఎల్పీలుగా మళ్ళీ వేస్తోందట. మొత్తం పది. ఏడో దాంట్లో అన్నగారి పాట. ఆ పాట ఉన్న ప్లేటు దేశమంతా వెతికితే ఇంకొకటి దొరకలేదు. ఇదొక్కటే, ఎక్కడ పనికెళ్ళినా ఆయన వెంటే ఉంటుందట. రెండోవైపు ఎవరిదో వేరే పాట, దాంతో వాళ్ళకి పనిలేదు.

"ఇరవై ఏళ్ళలో నాలుగుసార్లే పెట్టుకున్నాను. పెట్టినప్పుడల్లా సూది కొంచెం తినేస్తుంది" అన్నారు.

సూది గీతకే అంత భయపడే మనిషి. పోనీలే, మంచిచేతుల్లో పడింది అనుకున్నాను.

18 మార్చి

భీమన్న ఒక మాటన్నాడు. అతనికేం తెలుసు. వడ్రంగి.

ఇంజెక్షను ఇవ్వడానికి స్పిరిట్ రాస్తుంటే అన్నాడు. "మొన్న కట్టుగట్టే అర్రల నువ్వు ప్లేటు తుడుస్తాంటే తలుపు సందుకెళ్ళి జూసినమ్మా. నాకు మా దుకాణం యాదికొచ్చింది. గా పాత ప్లేట్లు లక్కతోని జేస్తరు. మేం తలుపులకు పాలిష్ బెట్టనీకె లక్క పెంకులు స్పిరిట్ల నానేస్తం. పొద్దుగూకంగ ఏస్తె తెల్లారేసరికి పాయసం లెక్కయితది. అర్రంత గదే వాసన."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను. "సదువుకున్నదానివి, నీకు ఎర్కలేదా అనుకున్న" అన్నాడు.

అది లక్క కాదు. జపానువాళ్ళు లక్కతో ఎందుకు చేస్తారు.

19 మార్చి, శుక్రవారం

తీసి చూశాను.

20 మార్చి

కవరు కాగితం దానికి అతుక్కుపోయింది. లాగితే కొంత ఊడింది, కొంత ఉండిపోయింది. గీతలన్నీ బూడిదరంగులో, మసకమసగ్గా ఉన్నాయి. నేను తుడవని చోట నల్లగా, తళతళలాడుతూ ఉంది. అంతా అలాగే ఉండేదన్నమాట.

నల్లగా వచ్చింది మురికి కాదు. పాట.

ఇవాళ మధ్యాహ్నం డ్యూటీ దిగి వెనకాల చెత్త తగలబెట్టే గుంట దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ దూది కోసం. దొరికితే ఏం చేద్దామని? కర్రతో బూడిద కెలుకుతుంటే రాబియా బట్టలు ఆరేస్తూ చూసింది. ఏం పోయింది సిస్టర్ అని సైగచేసింది. చెవికమ్మ అని చెవి చూపించాను. పాపం తనూ వచ్చి వంగి వెతికింది. నా రెండు కమ్మలూ నా చెవులకే ఉన్నాయి, తను చూడలేదు.

అతి చేస్తే గతి చెడుతుందని అమ్మ నాకు రోజూ చెప్పేది. ఆయన చల్లటి చోట పెట్టమన్నారు. తుడవమన్నారా?

22 మార్చి

రెండు వేళ్ళ మందమే పాడైంది. మరీ అంత కాదు. మొదట్లో కొంచెం గరగరలాడుతుందేమో. ప్లేట్లన్నీ మొదట్లో గరగరలాడతాయి.

23 మార్చి

మళ్ళీ చూశాను. మూడు వేళ్ళు. నా వేళ్ళు సన్నమే.

24 మార్చి

ఇవాళ ఆయన ఇంకో సంగతి చెప్పారు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

పాట ఆఖర్న, పియానో ఆగిపోయాక, అన్నగారు ఒక మాటంటారట. మైకు ఇంకా పనిచేస్తోందని తెలీక. "మో ఇక్కై" అని. ఇంకొక్కసారి అని అర్థం. తనకి నచ్చలేదు, మళ్ళీ వాయిస్తానని అడిగారన్నమాట. ఇంకోసారి వాయించడానికి వాళ్ళు ఒప్పుకోలేదు, ఆ మాటని చెరపనూ లేదు. "మా అన్న గొంతు ఈ లోకంలో అక్కడొక్కచోటే ఉంది" అన్నారు. నా చేతిలో స్పూను ఒరిగి పప్పు ఆయన గౌనుమీద పడింది. ఆయనే సారీ చెప్పారు.

పాట ఆఖరంటే ప్లేటు లోపలివైపు. అక్కడిదాకా నేను వెళ్ళలేదు. రాబియా పిలిచింది. వెళ్ళలేదు. వెళ్ళానా? చేతిమీద లెక్క ఉండదు కదా తుడిచేటప్పుడు. బూడిదరంగు ఎక్కడ ఆగిందో కాగితం అతుక్కున్న చోట సరిగ్గా కనబడటం లేదు. గోటితో గీకబోయి ఆగిపోయాను. ఇక నా చేతులతో దాన్ని ముట్టుకోను.

25 మార్చి

నిద్ర లేదు. అన్నం సహించడం లేదు.

ఫిబ్రవరిలో మేరీకుమారికి ఏమైంది? పేషెంటు ఉంగరం పోయింది. ఆమె తియ్యలేదని వార్డులో అందరికీ తెలుసు. పొద్దున డ్యూటీకి వచ్చిన మనిషిని మధ్యాహ్నానికి మస్కట్ కారెక్కించారు. పాస్‌పోర్టు విమానాశ్రయంలోనే చేతికిచ్చారట. ఆమె ఉతికి ఆరేసిన తెల్లచీర వారంరోజులు తీగమీదే ఉండిపోయింది. చివరికి నేనే తీసి మడతపెట్టాను.

అక్కడ ఉంగరం. ఇక్కడ ప్రపంచంలో ఇంకోటి లేనిది. కంపెనీవాళ్ళు ఒక్క కాగితం రాస్తే చాలు. వెనక్కి పంపిన నర్సుని మిషన్ ఆసుపత్రి కూడా చేర్చుకోదు. రేపల్లె హాస్టల్లో సారాకి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న పోయాక దానికి నేనే అమ్మా నాన్నా. మొన్నటి ఉత్తరంలో, అమ్మా నువ్వు అక్కడ అందర్నీ బాగుచేస్తావటగా అని రాసింది.

26 మార్చి, శుక్రవారం

ఎక్స్‌రే మనోహరం గారింట్లో ప్రార్థన. ఇక్కడున్న మా పది పన్నెండు మందికీ అదే గుడి. దాచిన సంగతులు బయటపడటం గురించి బైబిల్లోంచి చదివారు. నాకోసమే వెతికి తీసినట్టుంది. ఆ గదిలో మూల బల్లమీద రికార్డు ప్లేయరు ఉంది, సోహార్ ఆసుపత్రి మొత్తానికి అదొక్కటే. కళ్ళు మూసుకోమంటే నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. తెచ్చి పెట్టి చూద్దామా? పెడితే తెలిసిపోతుంది. ఎంత పోయిందో తెలిసిపోతుంది. వద్దు.

ప్రార్థన అయ్యాక, జాజ్ అంటే ఏమిటండీ అని మనోహరం గారిని ఊరికే అడిగినట్టు అడిగాను. "క్లబ్బుల్లో తాగుబోతులకి వాయించేదమ్మా, నీకెందుకు?" అన్నారు. అప్పుడు ఆయనమీద చాలా కోపం వచ్చింది. ఆ అన్నగారు నాకేదో చుట్టమైనట్టు.

28 మార్చి

మేట్రన్ ఆఫీసుకి పిలిపించింది. మెట్లెక్కేలోపు ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే "నేను కావాలని చెయ్యలేదు మేడమ్" అనేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి, "ఏది?" అంది. దుప్పట్ల లెక్క తప్పిందట, దానికోసం పిలిచింది. దుప్పట్లే మేడమ్ అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఇలాగే నాకు నేనే పట్టుబడిపోతాను.

నా రూమ్‌లో ఉండే ఇక్బాలున్నీసాకి చెప్పేశాను. హైదరాబాద్ పిల్ల, భయమంటే తెలీదు. "అరె మణీ, గమ్మున ఉండు నువ్వు. పెట్టె మూత పెట్టి అలాగే ఇచ్చెయ్. వాళ్ళు టోక్యోలో తెరుస్తారు. అక్కడ ఎవరికి తెలుస్తుంది? విమానంలో ఎండ తగిలిందనుకుంటారు. ఖతమ్" అంది.

నిజమే కదా. నిజమే.

29 మార్చి

భీమన్న పక్కకి పిలిచాడు. నా మొహం చూస్తుంటే భయమైతుందట. "నీకు జరమొచ్చినట్టున్నది సిస్టరమ్మా. నేనొక మాట జెప్త ఇను. జీపుల డీజిల్ డబ్బ ఉండె. బోల్తపడ్డప్పుడు ఒలికింది. పెట్టెమీద గూడ ఒలికింది అని నేను జెప్త. డీజిల్ తోని కరిగింది అంట. ఎవలు జూసిన్రు?"

వద్దు భీమన్నా అనాలి. అనలేదు.

"నువ్వు మా ఇంటామె శాంతవ్వకు ఉత్తరాలు రాస్తలేవా నా తరఫున. గీ పాటి జెయ్యనా" అన్నాడు.

30 మార్చి

డీజిల్ నిజంగానే ఒలికింది. వచ్చినరోజు వాళ్ళ బట్టల్నిండా అదే వాసన. నిజంగా ఒలికిందాన్ని ఒలికిందనడం అబద్ధం కాదు.

ఇవాళ రెండు పూటలా అన్నం తిన్నాను.

31 మార్చి, బుధవారం

క్యాంపు ఫోర్‌మన్ బాబు మియా వచ్చాడు. ఇసోబె గారు మందుకి నిద్రపోతున్నారు. భీమన్న ముందుగానే ఆ మాట అతని చెవిన వేశాడు, డబ్బా ఒలికి పెట్టె పాడైందని. బాబు మియా ఏమీ అరవలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "డీజిల్ డబ్బా మనుషుల పక్కన ఎవడు పెట్టాడు? నువ్వే కదా ఎక్కించింది. పెద్ద సాబ్ సామాను. ఎముక అతుక్కోగానే ఇంటికెళ్ళు" అన్నాడు హిందీలో. అనేసి, బెడ్ కింద ఉన్న భీమన్న చెప్పులు కాలితో సరిచేసి మరీ వెళ్ళాడు.

నేను ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. బాబు మియాకి చోటిచ్చి పక్కకి జరిగాను కూడా.

సాయంత్రం భీమన్న ఉత్తరం రాసిపెట్టమన్నాడు. ఎప్పటిలాగే స్టూలుమీద కూర్చుని రాశాను. "శాంతవ్వకు భీమన్న రాయించేది. నేను మంచిగున్న. నా ఎముక అతుకుతున్నది. నేను అనుకున్నదానికన్న జల్ది ఇంటికొస్తున్న. ఎందుకని అడగకు. కంపెనీల పని అయిపోయింది. ఇంటి మీద కొత్త పెంకలు ఏయించుడు ఆపు, నేనొచ్చినంక జూద్దాం." ఇక్కడ ఆగి, "పెంకల మాట తీసెయ్ సిస్టరమ్మా, ఏడుస్తది" అన్నాడు. కొట్టేశాను. కొట్టేసినా కనబడుతోంది. నా అక్షరాలు అందరికీ అర్థమవుతాయి, అదే నా ఖర్మ.

ఆ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. ఇదిగో ఈ పుస్తకంలోనే ఉంది.

భయం అలాగే ఉంది. తగ్గలేదు. కానీ ఇప్పుడు దాంట్లో శాంతవ్వ అనే మనిషి కూడా వచ్చి కూర్చుంది, మొహం కూడా తెలీని మనిషి.

1 ఏప్రిల్, గురువారం

చెప్పాను.

పొద్దున టెంపరేచరు చూశాక, పెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాత్రంతా బట్టీపట్టి ఉంచుకున్నాను, ఒక్కటీ రాలేదు. "ఐ క్లీన్డ్. విత్ స్పిరిట్. ఐ డిడ్ నాట్ నో. నాట్ డీజిల్. నాట్ భీమన్న. ఓన్లీ మీ." ఇంతే. ఆరేడేళ్ళ పిల్ల చెప్పినట్టు.

ఆయన ఎడమచేత్తో మూత తీశారు. చాలాసేపు చూశారు. కిటికీ వైపు పట్టుకోమన్నారు. పట్టుకోనన్నాను. నా చేతులతో ముట్టుకోనని చెప్పాను. "పట్టుకోండి" అన్నారు మళ్ళీ. పట్టుకున్నాను. వెలుతురులో వంచమన్నారు, ఇంకా వంచమన్నారు. ఆయన మొహం ప్లేటుకి ఎంత దగ్గరగా వచ్చిందంటే ఊపిరి నా వేళ్ళకి తగిలింది.

"అంచు నుంచి తుడిచారా?"

"అవును."

"ఎక్కడ ఆపారు?"

"తెలీదు సార్. నన్ను పిలిచారు. నాకు తెలీదు."

అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. ప్లేటుని బట్టలో చుట్టమన్నారు. ముడి ఎలా వెయ్యాలో ఒకటికి రెండుసార్లు చూపించారు, నేను తప్పు వేస్తే విప్పించి మళ్ళీ వేయించారు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయన భుజం కదులుతోంది. తొడకి బరువు కట్టి ఉంది, అటు పూర్తిగా తిరగడానికి కూడా ఆయనకి వీల్లేదు.

మధ్యాహ్నం వేరే సిస్టరు అన్నం పెట్టింది. నన్ను వద్దన్నారట.

2 ఏప్రిల్, శుక్రవారం

ఆఫీసాయన వచ్చాడు. పెట్టె తీసుకున్నాడు. ఇసోబె గారిని కూడా స్ట్రెచర్ వ్యానులో మస్కట్ పంపించేశారు. వాళ్ళిద్దరూ జపాను భాషలో పావుగంట మాట్లాడుకున్నారు. "సిస్టర్" అన్న మాట రెండుసార్లు వినబడింది. ఆఫీసాయన నా వైపు చూసి తలొంచాడు. అది నమస్కారమా, ఈమేనా అని గుర్తుపట్టడమా, తెలీదు.

ఇసోబె గారు నా వైపు చూడలేదు.

వెళ్ళేముందు బాబు మియాని పిలిచి ఏదో చెప్పారు. బాబు మియా పుస్తకం తీసి ఒక కాగితం చింపాడు. భీమన్న పేరున్న కాగితమని భీమన్నే చెప్పాడు. "నువ్వు జెప్పేసినవా?" అని అడిగాడు. ఊఁ అన్నాను. "పిచ్చిదానివి" అని, దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు.

మరి నా పేరు ఏ కాగితంలో రాశారు?

9 ఏప్రిల్

ఏమీ రాలేదు.

16 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

ఏమీ రాలేదు. ఆఫీసు ప్యూను వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. నా చేతిలో సెలైన్ సీసా జారి పగిలింది. అతను టైము అడగడానికి వచ్చాడు.

14 జూన్

ఎండలు మండిపోతున్నాయి. బట్టలు తీగమీద ఆరెయ్యడం మానేశాను, గదిలోనే ఆరేసుకుంటున్నాను. ఎందుకని ఇక్బాలున్నీసా అడిగితే రంగు పోతుందన్నాను. తెల్లబట్టలకి రంగేమిటని నవ్వింది. తెలిసే నవ్విందేమో.

ఇంజెక్షనుకి స్పిరిట్ దూది తీసినప్పుడల్లా వెనక్కి తిప్పి చూస్తున్నాను, నల్లగా వచ్చిందేమోనని.

3 సెప్టెంబరు

మేట్రన్ మెచ్చుకుంది. ఈమధ్య నేను చెప్పినపని చెప్పినంతవరకే చేస్తున్నానట. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. సంతకం పెట్టాను. వాళ్ళకి తెలీదు కాబట్టి పొడిగించారు. తెలిసిన రోజున?

9 ఫిబ్రవరి 1977, బుధవారం

జపాను నుంచి పార్సిల్ వచ్చింది. నా పేరుమీద. పెద్దది, నలుచదరం, పల్చగా ఉంది. కస్టమ్స్‌వాళ్ళు ఒకసారి తెరిచి మళ్ళీ అతికించారు.

మంచం కింద పెట్టాను.

12 ఫిబ్రవరి

మంచం కిందే ఉంది. పది నెలలైంది. కోర్టు కాగితాలు ఇంత నలుచదరంగా ఉంటాయా? ఉండవు. అయినా తెరవను.

15 ఫిబ్రవరి

భీమన్న భుజం చూపించుకోవడానికి వచ్చాడు. ఒమానీ మేస్త్రీ ఇచ్చిన ఖర్జూరాలు సగం నాకు తెచ్చాడు. పార్సిల్ సంగతి చెప్తే, "ఇప్పుతవా, నేను ఇప్పనా?" అన్నాడు. శుక్రవారం దాకా ఆగమన్నాను.

18 ఫిబ్రవరి, శుక్రవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ప్రార్థన అయ్యాక మనోహరం గారింట్లోనే విప్పాను. భీమన్న బ్లేడుతో టేపు కోశాడు. కొత్త ఎల్పీ. అట్టమీద కుర్రాడి ఫోటో, పియానో ముందు వంగి కూర్చున్నాడు, బక్కపల్చటి మెడ. ఇసోబె గారి చెవులే. వెనకవైపు అంతా జపాను అక్షరాలు. లోపల ఉత్తరం, ఇంగ్లీషులో, అచ్చు అక్షరాల్లా పొడిపొడిగా. కుడిచేత్తోనే రాసినట్టున్నారు. తెలుగులో ఇక్కడ రాసుకుంటున్నాను.

"సిస్టర్ మణికుమారికి. ఏడో ఎల్పీ వచ్చింది. మా అన్న పాట రెండోవైపు మూడోది. మొదటి రెండు నిమిషాలు పాడైపోయాయి. ఆ భాగం కోసేద్దామని ఇంజనీర్లు అన్నారు. నేను వద్దన్నాను. కోసేస్తే మా అన్న పాట మధ్యలోంచి మొదలుపెట్టినవాడవుతాడు. ఆ రోజు మీతో మాట్లాడలేదు. మాట్లాడితే చాలా చెడ్డమాట అనేవాణ్ణి. ఇప్పటికీ కొంచెం కోపం ఉంది. మీరు చెప్పకపోయి ఉంటే దాన్ని మామూలు మురికి అనుకుని టోక్యోలో మందునీళ్ళతో కడిగేవాళ్ళు, మిగిలింది కూడా పోయేది. ఈ కొత్త ప్లేటు లక్కతో చేసింది కాదు, స్పిరిట్ తగిలినా ఏమీ కాదు. అయినా దయచేసి తుడవకండి. ఇసోబె."

ఆ ఆఖరి వాక్యం దగ్గర నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. మనోహరం గారు ఏమిటమ్మా ఏమిటమ్మా అంటున్నారు, తాగుబోతుల పాటలన్న మాట ఆయనకి గుర్తున్నట్టు లేదు.

ప్లేయర్లో పెట్టారు. నేను గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మంటే రానన్నాను.

మొదట చప్పుడే. రేకులమీద వాన పడుతున్నట్టు ఏకధారగా హోరు. దాని అడుగున ఎక్కడో పియానో ఉందేమో, ఉందనుకుంటే ఉంది. భీమన్న చెవి దగ్గరగా పెట్టి విని, తల తిప్పి నా వైపు చూశాడు. "అమ్మా, గిది నీ దూదే" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. చెక్కమీద ఫలానావాడి చిత్రిక పని అని చెప్పినట్టు చెప్పాడు.

అవును. ఒక్కో దూది నాకు వినబడింది. పన్నెండు. టోక్యోలో ఆ ఎల్పీ కొన్న ప్రతి ఇంట్లో, నా పేరు తెలీని ప్రతి ఇంట్లో, నేను తుడుస్తూనే ఉంటాను. ఈ భయం ఇక తీరేది కాదు. అంత మంది వింటారు.

ఉన్నట్టుండి హోరు ఆగింది.

తగ్గుతూ తగ్గుతూ కాదు. తలుపు తెరిచినట్టు, ఒక్కసారిగా. పియానో అక్కడే, గదిలోనే ఉన్నంత దగ్గరగా వచ్చింది. నాకు జాజ్ తెలీదు. ఎవరో మెట్లమీద పరిగెత్తుతూ, ఒక మెట్టు కావాలనే వదిలేసి మళ్ళీ అందుకున్నట్టు ఉంది. నేను చెప్పులు దాటి లోపలికి వచ్చేశాను, నాకే తెలీలేదు. ఒక నిమిషం కూడా ఉండదు. ఆగిపోయింది. తర్వాత ఎవరో కుర్రాడు, కొంచెం దగ్గు అణుచుకుంటూ, వినయంగా అడిగాడు.

"మో ఇక్కై."

ఆ దగ్గు నాకు తెలుసు. ఎన్ని వార్డుల్లో వినలేదు.

హోరు ఆగిన ఆ చోటు. యల్లా యల్లా అని రాబియా నా చెయ్యి పట్టుకున్న చోటు అది. ఇంకో నాలుగు దూదులు ఉంటే ఆ కుర్రాడు ఇంక ఎప్పటికీ అడిగేవాడు కాదు. ఆ రోజు ఆమెని కసురుకున్నానని ఈ పుస్తకంలోనే రాసి ఉంది, వెనక్కి తిప్పి చూశాను. ఆమె డ్యూటీలో ఉంటే వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. నాకు అరబీలో చెప్పడం రాలేదు. ఆమె నా మొహం, తర్వాత నా చెవులు చూసి, కమ్మ దొరికిందా సిస్టర్ అని సైగచేసింది. ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకుంది. దొరికిందన్నాను.

రేపు సారాకి రాయాలి, నేను అందర్నీ బాగుచెయ్యననీ, ఒక్కోసారి పాడుచేస్తాననీ.

ఎల్పీ ఇప్పుడు నా బల్లమీద ఉంది. విప్పిన ఈ కొంతసేపట్లోనే కిటికీలోంచి సన్నటి ఇసకదుమ్ము వచ్చి పడింది. బట్ట తీసుకోలేదు. వంగి, నోటితో మెల్లగా ఊదాను.